కాన్పు గది దాకా వచ్చిన మాత్ర

కరువు సీమ ఆరోగ్య చరిత్ర: 9వ భాగం

పోయిన భాగంలో హెచ్‌ఐవీ మన వైపు వచ్చిన దారులు చూశాం. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలొమన్, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న నిర్మల సెల్లప్పన్ సేకరించిన రక్త నమూనాల్లో ఈ వైరస్ దేశంలో తొలిసారి బయటపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అది పట్నాల జబ్బనీ, లారీ డ్రైవర్ల జబ్బనీ పల్లెలు నిబ్బరంగా ఉన్నాయి. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి మగవాళ్లు హైదరాబాదుకూ బెంగళూరుకూ కూలికి వెళ్లారు, పండగలకు తిరిగొచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఊరూరా వెలసిన 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న బోర్డుల దగ్గర కథ ఆపాం. ఆ ప్రచారం జనం నోళ్లలో నానింది, జోకులకు ముడిసరుకైంది, జబ్బు పేరు పైకి అనటానికి వెనకాడే జనానికి మాట్లాడే వీలిచ్చింది. కాదనను. కానీ పులిరాజాకు వస్తుందా అని రాష్ట్రమంతా అడిగింది గానీ, పులిరాజా భార్య సంగతి ఎవరూ అడగలేదు. ఆమెను అడిగింది ఒక్క చోటే: గర్భిణుల పరీక్షల గదిలో. అదీ ఆమె నెల తప్పాకే. హెచ్‌ఐవీ నివారణ పరిశోధన ఫలితాన్ని మన ఆడవాళ్ల దాకా చేర్చింది కాన్పుల వైద్యమేనన్నది ఎంత నిజమో, ఆ వైద్యం తల్లిని బిడ్డ కోసం చూసినంతగా తల్లి కోసం చూడలేదన్నదీ అంతే నిజం. ఈ భాగంలో నా వాదన అదే.

ఆ పరిశోధన సంగతి ముందు చెప్పుకోవాలి. మందులేమీ ఇవ్వకపోతే హెచ్‌ఐవీ ఉన్న తల్లులు కన్న ప్రతి నలుగురు బిడ్డల్లో ఒకరికి, చనుపాలు కూడా కలుపుకుంటే మూడో వంతు మందికి వైరస్ సోకవచ్చు. 1994లో అమెరికా, ఫ్రాన్స్‌లలో జరిగిన ఒక ప్రయోగం జిడోవుడిన్ అనే మందుతో ఆ సంఖ్యను 25.5 శాతం నుంచి 8.3 శాతానికి దించవచ్చని చూపింది. ప్రపంచం సంబరపడింది. అయితే ఆ పద్ధతిలో గర్భం నిలిచిన నాలుగో నెల నుంచి రోజుకు ఐదుసార్లు మాత్ర వేసుకోవాలి, కాన్పు నొప్పుల్లో సెలైన్ ద్వారా మందెక్కించాలి, బిడ్డకు ఆరు వారాలు సిరప్ పట్టాలి. కాన్పుకు బస్సెక్కి వచ్చే మనిషికి ఇది అందే వైద్యం కాదు. ఐదేళ్ల తర్వాత, 1999లో, ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆస్పత్రి నుంచి వచ్చిన ఫలితం లెక్కను మార్చేసింది. నొప్పులు మొదలవగానే తల్లికి నెవిరపిన్ 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు అదే మందు సిరప్‌గా కొన్ని చుక్కలు. అంతే. కొద్దికాలం జిడోవుడిన్ ఇచ్చిన వాళ్లతో పోల్చితే బిడ్డలకు సోకటం దాదాపు సగానికి తగ్గింది. ఖర్చు నామమాత్రం. భారతదేశంలో 2000లో కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో ముందు జిడోవుడిన్‌తో, ఆ వెంటనే నెవిరపిన్‌తో పరిశీలనలు చేసి, 2002లో తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. ఆస్పత్రి భాషలో పీపీటీసీటీ.

అమెరికా పద్ధతికి ఆస్పత్రి కావాలి. కంపాలా పద్ధతికి మంత్రసానికి కాస్త శిక్షణ చాలు అనిపించింది. కాగితం మీద మన సీమకు ఇంతకంటే సరిపోయే వైద్యం లేదు. 1970లో కర్నూలు జిల్లా నుంచి విడదీసి ప్రకాశంలో కలిపిన ఈ తాలూకాలకు అప్పటి జిల్లా కేంద్రం ఒంగోలు మార్కాపురం నుంచే నూరు కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. గిద్దలూరు నుంచైతే ఇంకో యాభై అరవై కలుపుకోవాలి. అంత దూరం పోయి నెలనెలా మందు తెచ్చుకోవటం కంటే ఒక్క మాత్ర నయమే కదా. కానీ ఆ ఒక్క మాత్ర సమయానికి నోట్లో పడాలంటే ముందు రక్తపరీక్ష జరగాలి, ఫలితం ఆమెకు తెలియాలి, తెలిసిన చోటే ఆమె ప్రసవించాలి. మన ఆచారం దీనికి అడ్డుపడింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అత్తగారి ఊరి పీహెచ్‌సీలో ఏఎన్ఎం కార్డు రాసి, రక్తం తీయించి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టిన పిల్ల, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో చీర సారెలతో పుట్టింటికి వెళ్లిపోతుంది. పుట్టిల్లు ఇంకో మండలం కావచ్చు, ఇంకో జిల్లా కావచ్చు. కౌన్సెలర్ రిజిస్టర్‌లో ఆమె పేరు ఒక ఊళ్లో, నొప్పులు మరో ఊళ్లో. ఫలితం భర్తకు చెప్పుకోలేని మనిషి తల్లికి మాత్రం ఎలా చెబుతుంది? చెప్పకుండా కొత్త ఆస్పత్రిలో డ్యూటీ నర్సును ఆ మాత్ర ఏమని అడుగుతుంది? ఇలాంటి చోట్ల పరిశోధన ఓడిందనటం తప్పు. పరిశోధనకు కాళ్లుగా వాడుకున్న కాన్పుల వ్యవస్థ ఆడపిల్ల జీవితం ఒకే ఊళ్లో సాగుతుందని లెక్కేసుకుంది, లోపం అక్కడుంది.

గర్భిణుల పరీక్షల గది ఇంకో పని కూడా చేసింది. దేశంలో హెచ్‌ఐవీ ఎంతుందో లెక్కగట్టింది అక్కడే. 1998 నుంచి ఏటా కొన్ని ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో, సిఫిలిస్ పరీక్షకు తీసిన రక్తంలో మిగిలినదాన్ని పేరు తీసేసి హెచ్‌ఐవీకి పరీక్షించేవారు. ఒక్కో కేంద్రంలో వరుసగా వచ్చిన నాలుగు వందల మంది. ఆ అంకెల ఆధారంగానే జాతీయ కార్యక్రమం మూడో దశలో దేశంలో 156 జిల్లాలను 'ఎ' కేటగిరీ అన్నారు. గర్భిణుల్లో నూటికి ఒకరికి మించి ఉన్న జిల్లా అని దాని అర్థం. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు జిల్లాలన్నీ ఆ జాబితాలోవే, ప్రకాశం సహా. ఈ లెక్క ఎంతవరకు నమ్మదగిందన్న అనుమానం మన పొరుగునే తీరింది. లలిత్ దండోనా బృందం 2004, 2005 సంవత్సరాల్లో గుంటూరు జిల్లాలో ఆస్పత్రుల్లో కూర్చోకుండా ఇళ్లకే వెళ్లి పన్నెండు వేల మందికి పైగా రక్తం పరీక్షించింది. గర్భిణుల, సుఖవ్యాధి క్లినిక్కుల లెక్కన ఆ జిల్లాలో లక్షా 12 వేల మందికి హెచ్‌ఐవీ ఉండాలి. ఇంటింటి లెక్కన తేలింది 46 వేలు. రెండున్నర రెట్ల తేడా. 2007లో కేంద్రం జాతీయ అంచనాను యాభై లక్షల పై నుంచి పాతిక లక్షలకు కుదించటానికి దోవ వేసిన అధ్యయనాల్లో ఇదొకటి. అదే కాలపు మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో 0.97 శాతమని తేల్చింది.

ఆ తేడా ఎందుకొచ్చిందన్నది అంకె కంటే ఆసక్తికరం. హెచ్‌ఐవీ ఉందనో, ఉండొచ్చనో అనుమానం వచ్చిన రోగులను ప్రైవేటు వైద్యులు ప్రభుత్వ ఆస్పత్రికి తోసేస్తున్నారని, పేదలు ఎటూ ప్రభుత్వ ఆస్పత్రికే వస్తారని ఆ బృందం వివరించింది. అంటే నర్సింగ్ హోమ్ గడప దగ్గర జరిగిన తిరస్కారం ప్రభుత్వ ఆస్పత్రి లెక్కలో అంటువ్యాధిగా నమోదైంది. వివక్షే గణాంకమైపోయింది. తగ్గిన అంకె చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఈ రెండో సంగతి మీద పెద్దగా నిలవలేదు. పరీక్ష ఫలితం చూపి వైద్యం నిరాకరించటాన్ని నిషేధించే చట్టం 2017లో గానీ రాలేదు, 2018 సెప్టెంబరులో గానీ అమల్లోకి రాలేదు.

ఇక అసలు విషయం. ఒక్క మాత్ర వైద్యం బిడ్డను కాపాడేందుకే పుట్టింది. దాని గెలుపు ఓటములు కొలిచింది బిడ్డ రక్తంలోనే. తల్లికి ఆ మాత్ర వల్ల దక్కేదేమీ లేదు. లేకపోవటమే కాదు, నష్టం కూడా ఉంది. ఒంట్లో చాలా కాలం నిలిచే మందు ఒక్క మోతాదే పడితే, దానికి లొంగని వైరస్ తల్లిలో మిగిలిపోతుంది. ఆ ఒక్క మోతాదు తీసుకున్న ఆరు నెలల్లోపు అదే మందున్న చికిత్స మొదలుపెట్టిన తల్లుల్లో చికిత్స విఫలమయ్యే ముప్పు బాగా ఎక్కువని 2007లో బోట్స్‌వానా అధ్యయనం చూపింది. మన దేశంలో 2004 ఏప్రిల్‌లో ఉచిత హెచ్‌ఐవీ చికిత్స (ఏఆర్‌టీ) మొదలైనప్పుడు అందరికీ ముందుగా ఇచ్చిన మందుల కలయికలో నెవిరపిన్ ఉంది! బిడ్డ పేరిట ఒకసారి వాడిన ఆయుధం తల్లి వంతు వచ్చేసరికి మొండిబారిపోయే ప్రమాదమన్నమాట. పైగా ఆ రోజుల్లో రోగనిరోధక శక్తికి గుర్తైన సీడీ4 కణాలు 200 కంటే తగ్గితే తప్ప చికిత్సకు అర్హత లేదు. కాన్పు అయ్యాక "నీకింకా మందులు అక్కర్లేదు" అని పంపించేవారు. పాల సంగతీ అంతే. చనుపాలతో సోకుతుందని డబ్బా పాలు పట్టమన్నారు. ఫ్లోరైడు బోర్లు, ఎండాకాలం ట్యాంకర్లు దిక్కైన పల్లెలో డబ్బా పాలు కలిపే నీళ్లెక్కడివి? పాలు కొనే డబ్బులెక్కడివి? బిడ్డకు పాలివ్వని బాలింతను చూసి వీధి మొత్తం ఏం అనుకుంటుందో కౌన్సెలింగ్ కాగితాల్లో ఉండదు. తల్లికి మందులిస్తూ చనుపాలు పట్టించటమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో తేల్చేదాకా ఈ సందిగ్ధమంతా తల్లి నెత్తినే పడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందేమో నాలుగు అంచెలు: ఆడవాళ్లకు అసలు సోకకుండా చూడటం, వద్దనుకున్న గర్భం రాకుండా చూడటం, తల్లి నుంచి బిడ్డకు ఆపటం, తల్లికీ కుటుంబానికీ చికిత్స. వీటిలో మూడోదానికి మాత్రమే డబ్బూ, శిక్షణా, రిజిస్టరూ దక్కాయి. మొదటి రెండూ కుటుంబ నియంత్రణ విభాగం చేతిలో పడ్డాయి. అక్కడ మన రాష్ట్రం ఎప్పుడో ఒక దారి ఎంచుకుంది. 2005-06 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నారు. కండోమ్ వాడే జంటలు నూటికి ఒకటి కూడా లేవు. అప్పట్లో ఇరవై దాటిన యువతుల్లో సగానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లైనవాళ్లు. ఇద్దరు పిల్లలు, పాతికేళ్లలోపే ఆపరేషన్. ఆ ఆపరేషన్‌ను నేను తక్కువ చేయటం లేదు. కాన్పు మీద కాన్పుతో నలిగిన తల్లుల తరం తర్వాత అది ఎందరికో విడుదల. కరువు సీమలో పిల్లల సంఖ్య తగ్గటం చిన్న మేలు కాదు. కానీ అది రెండు పనులు చేసింది. ఒకటి, కండోమ్‌ను సంసారం నుంచి పూర్తిగా బయటికి పంపింది. ఆపరేషన్ అయిన భార్య కండోమ్ వాడమంటే అది గర్భం కోసం కాదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట నేరుగా అనుమానమై కూర్చుంటుంది. రెండు, ఆమెకూ ఆస్పత్రికీ ఉన్న సంబంధాన్ని ఆరేడేళ్లకు కుదించింది. భర్త వలస ఆమెకు నలభై ఏళ్లు వచ్చేదాకా సాగుతుంది. ఆమె పేరు ఏఎన్ఎం పుస్తకంలో పాతికేళ్లకే ముగుస్తుంది. గర్భిణులకే కట్టిన నివారణ, గర్భం లేని ఏళ్లను చూడలేదు.

ఇక్కడ బలమైన అభ్యంతరమొకటి ఉంది. మన దేశంలో హెచ్‌ఐవీ అందరిలో సమానంగా లేదు. సెక్స్ వర్కర్లు, వాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు, మగవాళ్లతో కలిసే మగవాళ్లు, సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్ల చుట్టూ ముసిరింది. అక్కడ ఆపితే ఇళ్లలోకి రాదు. అలాంటప్పుడు ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి గర్భిణి మీద డబ్బు చల్లటం వృథా అంటారు. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన అవాహన్ ఈ లెక్క మీద నడిచినదే. 2008 నాటికి అది సుమారు లక్ష ఇన్ఫెక్షన్లను తప్పించిందని ఒక అంచనా. ఆ విజయాన్ని నేను ఒప్పుకుంటాను. కొత్తగా సోకటం తగ్గటంలో సింహభాగం దానిదీ, సెక్స్ వర్కర్ల సంఘాలదీ. కానీ ఆ లెక్కలో అప్పటికే సోకిన మగవాళ్ల ఇళ్లు లేవు. 1997లో పుణెలో రామన్ గంగాఖేద్కర్ బృందం సుఖవ్యాధి క్లినిక్కులకు వచ్చిన ఆడవాళ్లను పరీక్షించి, సెక్స్ వర్కర్లు కానివాళ్లలో కూడా నూటికి దాదాపు పద్నాలుగు మందికి హెచ్‌ఐవీ ఉందని చూపింది. వాళ్లలో ఎక్కువ మంది పెళ్లై, భర్త తప్ప మరొకరిని ఎరగనివాళ్లు. వాళ్లను ఏ ప్రమాదకర వర్గం జాబితాలో వెతకాలి? వాళ్ల ముప్పంతా పెళ్లిలోనే ఉంది.

రెండో అభ్యంతరం, సుఖవ్యాధుల వైద్యంతో హెచ్‌ఐవీ ఆగదన్నది, ఆఫ్రికా నుంచి వచ్చింది. 1995లో టాంజానియాలోని మ్వాంజాలో ఆరోగ్య కేంద్రాల్లో సుఖవ్యాధుల వైద్యాన్ని మెరుగుపరిస్తే కొత్త హెచ్‌ఐవీ కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. నాలుగేళ్లకే ఉగాండాలోని రకాయిలో ఇంటింటికీ వెళ్లి అందరికీ మందులిస్తే ఏమీ తగ్గలేదు. రెండు శిబిరాలు ఏళ్లపాటు వాదించుకున్నాయి. రకాయిలో అంటువ్యాధి అప్పటికే ముదిరిపోయిందన్నది చాలామంది ఒప్పుకున్న సమాధానం. నాకు ఇంకొకటీ కనిపిస్తుంది: మొదటిది ఆస్పత్రిని బాగుచేసింది, రెండోది ఆస్పత్రిని దాటేసి మందు పంచి వెళ్లిపోయింది. మన దగ్గర సుఖవ్యాధులకు పెట్టిన సురక్ష క్లినిక్కులు, రంగు రంగుల మందుల కిట్లు మ్వాంజా ఆలోచన వారసులే. "తెల్లబట్ట అవుతోంది, నడుము లాగేస్తోంది" అని వచ్చిన మనిషికి ఆకుపచ్చ కిట్టో, బూడిద రంగు కిట్టో ఇస్తారు. తెల్లబట్టను బట్టి సుఖవ్యాధిని కచ్చితంగా పోల్చలేమన్నది నిజమే. అయినా ఆపరేషన్ తర్వాత కూడా ఆమె తనంతట తాను ఆస్పత్రికి వచ్చే కారణం అదొక్కటే. హెచ్‌ఐవీ నివారణకు అంతకంటే సహజమైన గుమ్మం దొరకదు.

ఏఎన్ఎం మీద భారం పెరుగుతుందన్న మూడో మాటకు విలువివ్వాల్సిందే. పోలియో చుక్కలు, టీకాలు, జనాభా లెక్క, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు అన్నీ ఆమెవే. కానీ ఆ భారంలో కొంత ఢిల్లీ కట్టిన గోడల ఫలితం. 2008 నుంచి 2014 దాకా ఎయిడ్స్ నియంత్రణ ఏకంగా వేరే శాఖ. దాని కౌన్సెలర్ కాంట్రాక్టు మనిషి, దాని రిజిస్టరు వేరు, దాని నివేదిక వేరే దారిలో పోతుంది. ఒకే గర్భిణి పేరు ఒకే ఆస్పత్రిలో రెండు పుస్తకాల్లో ఎక్కేది, ఆ రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి చూసుకునేవి కావు. కలపటం వల్ల పని పెరిగిందనేవాళ్లు కలపకపోవటం వల్ల రెండింతలైన పనిని లెక్కలోకి తీసుకోరు.

మలుపు 2011లో వచ్చింది. పుణె, చెన్నై కేంద్రాలు కూడా ఉన్న తొమ్మిది దేశాల ప్రయోగం, దంపతుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారికి త్వరగా చికిత్స మొదలుపెడితే జంటలో రెండోవారికి సోకటం 96 శాతం తగ్గుతుందని తేల్చింది. చికిత్సే నివారణ అయింది. అదే ఏడాది మలావి, సీడీ4 యంత్రాలు పల్లెలకు చేర్చలేని తన పేదరికం నుంచే ఒక తెలివైన దారి తీసింది: హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ లెక్కలు చూడకుండా జీవితాంతం మందు. మన దేశంలో ఒక్క మాత్ర స్థానంలో మూడు మందుల చికిత్సను ముందుగా, 2012లో, మొదలుపెట్టినవాటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. 2014 నుంచి దేశమంతటా అది జీవితకాల చికిత్సగా మారింది, 2017 నుంచి హెచ్‌ఐవీ తేలిన అందరికీ. 2002లో ఒక్క మాత్రతో మొదలైన కార్యక్రమం తల్లిని తల్లిగా కాక మనిషిగా చూసి మందివ్వటానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్లలో ఆస్పత్రికి ఆమె బిడ్డ దాకా మందు పారే కాలువ మాత్రమే. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.67 శాతం; ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే దేశంలో ఇదే ఎక్కువ. మూడు లక్షల ఇరవై వేల మందికి పైగా ఈ వైరస్‌తో బతుకుతున్నారు. మందులు అందుతున్నందువల్ల బతుకుతున్నారు కాబట్టి ఆ అంకె అంత ఉందన్నది కూడా మరిచిపోకూడదు.

ఇన్నేళ్లలో సోకని ఆడమనిషికి, భర్త ఒప్పుకోలుతో పనిలేకుండా, తన చేతిలో ఉండే రక్షణ మాత్రం అందలేదు. జెల్‌లు వచ్చాయి. వాటిలో ఒకదాని ప్రయోగాన్ని, మన పక్కనున్న కర్ణాటక, తమిళనాడు కేంద్రాలతో సహా, 2007లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆ ఓటముల కథా, వాటి తర్వాత 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల నుంచి వచ్చిన ఫలితమూ వచ్చే భాగంలో చూద్దాం. ఆరు నెలలకొక లెనాకపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. మధ్యలో గర్భం వచ్చినవాళ్లను ఈసారి ప్రయోగం నుంచి తీసేయలేదు. ఆ మందును ఏడాదికి సుమారు 40 డాలర్ల ధరకు 2027 నుంచి పేద దేశాలకు తయారు చేసి ఇస్తామని ముందుకొచ్చిన రెండు కంపెనీలు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, హైదరాబాదువే.